బెంగళూరు ఇంటికి హాట్ అండ్ కోల్డ్ ఏసీ ఎట్లా ఎంచుకోవాలి

మాది అనంతపురం. ఊళ్ళో ఏప్రిల్ మధ్యాహ్నాలు చూసినోణ్ణి కాబట్టి బెంగళూరులో ఏసీ అంటే నవ్వొచ్చేది, ఫ్యాన్ చాలదా వీళ్ళకి అనుకునేవాణ్ణి. తర్వాత కసవనహళ్లి వైపు టాప్ ఫ్లోర్ ఇంట్లో దిగినాం, ఎండాకాలం రాత్రి పదకొండుకి పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతుండేది. సరే అని ఏసీ కొన్నా. అదే ఏడాది డిసెంబర్లో అమ్మ వచ్చింది, మూడో రోజుకే "ఇదేం చలి నాయనా, మోకాళ్ళు పట్టేసినాయి, నన్ను బస్సెక్కించేయ్" అనింది. గోడ మీద ఏసీ బొమ్మలాగా చూస్తా ఉంది, నేనేమో 2000 వాట్ల రూమ్ హీటర్ కోసం పరిగెత్తినా. వేడి కూడా ఇచ్చే ఏసీ ఉంటుందని అప్పటికి నాకు తెలీదు, షోరూంలో ఎవరూ చెప్పనూ లేదు. ఇప్పుడు వాడుతున్నది రెండోది. మొదటిదాంతో చేసిన తప్పులన్నీ కలిపి, కొనేవాళ్ళు ఏ వరసలో ఆలోచిస్తే బాగుంటుందో చెప్తా.

ముందు వస్తువేంటో రెండు ముక్కలు. హీట్ పంప్ అని పెద్ద పేరు గానీ చూడ్డానికి మామూలు గోడ స్ప్లిట్ ఏసీనే, షాపుల్లో హాట్ అండ్ కోల్డ్ అని అడగాలి. మామూలు ఏసీ గదిలో వేడిని తోడి బయట పోస్తుంది కదా, దీంట్లో ఫోర్ వే వాల్వ్ అని ఒకటి ఎక్కువుంటుంది, అది గ్యాస్ దారి మళ్ళిస్తే బయటి గాలిలో ఉన్న వేడిని తోడి లోపల పోస్తుంది. బోరు మోటర్ నీళ్ళని తయారు చేయదు, తోడుతుంది అంతే, ఇదీ అట్లాంటిదే. నీళ్ళు పైనే ఉంటే మోటరుకి కరెంటు తక్కువ, లోతుకి పోయేకొద్దీ ఎక్కువ. సిమ్లాలో మంచు పడే రాత్రి వేడి తోడడమంటే వెయ్యి అడుగుల బోరు, బెంగళూరులో జనవరి రాత్రి బయట 15 డిగ్రీలుంటే అది చేద బావి. అందుకే ఇక్కడ ఇది చాలా తేలిగ్గా పని చేస్తుంది, బయట పెట్టే డబ్బా, అంటే అవుట్‌డోర్ మీద మంచు పేరుకోవడం, మధ్యలో ఆగి దాన్ని కరిగించుకోవడం లాంటి ఉత్తరాది తలనొప్పులు మనకి దాదాపు ఉండవు.

మొదట తేల్చుకోండి: మీకు వేడి కావాలా?

కాయిల్ హీటర్ 1 యూనిట్ కరెంటు తింటే 1 యూనిట్ వేడి ఇస్తుంది, ఏ కంపెనీదైనా అంతే, దాంట్లో మంచి హీటర్ చెడ్డ హీటర్ లేదు. హీట్ పంప్ 1 యూనిట్ తిని సుమారు 3 యూనిట్ల వేడి ఇస్తుంది, మన చలికి కొంచెం ఎక్కువే రావచ్చు. లెక్క వేద్దాం. 2000 వాట్ల హీటర్ రాత్రి 4 గంటలు ఆగకుండా వాడితే 8 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలనుకుంటే 48 రూపాయలు. అదే వేడి హీట్ పంప్ నుంచి రావాలంటే 2.7 యూనిట్లు, 16 రూపాయలు. రోజుకి 32 మిగిలింది. బెంగళూరులో నిజంగా వేడి కావాలనిపించే రాత్రులు ఏడాదికి ఒక నలభై అనుకోండి, 1300 రూపాయల దగ్గర తేలుతుంది. షాపువాడు హాట్ అండ్ కోల్డ్‌కి మామూలుదానికంటే ఐదు వేలు ఎక్కువ చెప్తే నాలుగేళ్ళు పడుతుంది తిరిగి రావడానికి. పది వేలు ఎక్కువ చెప్తే వద్దులే అనండి.

నా మాట ఏంటంటే ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే కొనండి, డబ్బు లెక్క పక్కన పెట్టి కూడా. రాత్రంతా ఎర్రగా కాలే కడ్డీ పక్కన పిల్లని పడుకోబెట్టడం కంటే ఇది ఎంతో నయం. బ్యాచిలర్‌గా మారతహళ్లిలో ఒక రూంలో ఉండేవాళ్ళకి ఎందుకండీ, ఒక మంచి రగ్గు చాలు, కోల్డ్ ఓన్లీ తీసుకుని మిగిలిన డబ్బుతో ఇన్‌స్టలేషన్ బాగా చేయించుకోండి. ఏసీనే అవసరమా అనే ప్రశ్న వేరే, 2016 ఏప్రిల్ 24న ఈ ఊళ్ళో 39.2 డిగ్రీలు కొట్టింది, ఆ రోజు ఇక్కడున్నవాళ్ళు ఇంక ఆ ప్రశ్న అడగరు.

రెండోది అవుట్‌డోర్ ఎక్కడ పెడతారు

అందరూ బ్రాండ్‌తో మొదలుపెడతారు. నేనూ అంతే చేశా, నాలుగు వారాలు రివ్యూలు చదివి, కొని, ఇంటికి తెచ్చినాక అవుట్‌డోర్ ఎక్కడ పెట్టాలని చూస్తే చోటు లేదు. చివరికి యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పైన ఇరికించినాం, మూడు వైపులా గోడ, నాలుగో వైపు గ్రిల్లు, గ్రిల్లుకి మళ్ళీ పావురాల వల. అది వదిలిన వేడిగాలి అక్కడే తిరిగి అదే మళ్ళీ పీల్చుకునేది. ఏప్రిల్లో బయట 36 ఉంటే దాని చుట్టూ ఎంత ఉండేదో, బట్టలు మాత్రం గంటలో ఆరిపోయేవి. కూలింగ్ తగ్గింది, బిల్లు పెరిగింది, నేనేమో కంపెనీని తిట్టుకున్నా.

కాబట్టి కొనకముందే ఇల్లంతా ఒకసారి తిరగండి. అవుట్‌డోర్ ఫ్యాన్ ముందు కనీసం రెండు మూడు అడుగులు ఖాళీ, ఆకాశం కనపడేంత ఓపెన్ ఉంటే ఇంకా మంచిది. వెనక గోడకి జానెడైనా ఎడం. రిపేరుకి మనిషి చెయ్యి చేరాలి, ఐదో అంతస్తులో బయటి గోడకి స్టాండ్ కొట్టి వేలాడదీస్తే రేపు సర్వీసువాడు తాడు కట్టుకుని దిగాలి, అంత ధైర్యం ఎవడికుంటుంది, ఎందుకుండాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ని అడగండి, చాలా చోట్ల ముందు వైపు గోడ మీద పెట్టనివ్వరు. అద్దె ఇల్లయితే ఓనర్ దగ్గర గోడకి రంధ్రం విషయం వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి, ఫోన్లో "సరే సరే" అన్న ఓనరే ఖాళీ చేసేప్పుడు అడ్వాన్స్‌లో కోస్తాడు.

హాట్ అండ్ కోల్డ్ కొనేవాళ్ళు మాత్రం ఇంకొకటి చూడాలి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కూలింగ్‌లో నీళ్ళు లోపలి యూనిట్ నుంచి పైపులో పోతాయి కదా, హీటింగ్‌లో తిరగబడుతుంది, అవుట్‌డోర్ కాయిల్ చల్లబడి దాని మీద తేమ పట్టి నీళ్ళు అక్కడ కారతాయి. కింద ఎవరిదైనా బాల్కనీ ఉంటే పొద్దున్నే ఆంటీ పైకొచ్చేస్తుంది. అవుట్‌డోర్ అడుగున డ్రెయిన్ మూతి పెట్టే రంధ్రం ఉంటుంది, దానికి చిన్న ప్లాస్టిక్ మోచేయి తగిలించి పైపు వేయించాలి.

మూడోది సైజు

టన్ను అంటే బరువు కాదని అందరికీ తెలుసు గానీ ఎంతో చాలామందికి తెలీదు. 1 టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని లాగే శక్తి, గంటకి 12,000 బీటీయూ. బెంగళూరులో 10 బై 11 లేదా 10 బై 12 బెడ్రూంకి, పైన ఇంకో ఇల్లుంటే, 1 టన్ను బాగా సరిపోతుంది. టాప్ ఫ్లోరూ పడమటి గోడా రెండూ ఉంటే, లేదా గది 150 చదరపు అడుగులు దాటితే 1.5 వైపు చూడండి. విజయవాడలో బంధువులు "ఒకటిన్నర లేకపోతే ఆనదు" అంటారు, వాళ్ళ ఊరికి అది నిజం, మనకి కాదు. షాపువాడూ అదే అంటాడు, వాడి కారణం వేరే.

పెద్దది కొంటే పోయేదేముంది అనుకోవద్దు. ఇన్వర్టర్ ఏసీ, అంటే గ్యాస్‌ని తోసే కంప్రెసర్ వేగం మార్చుకోగలిగేది, వేగం తగ్గించుకుంటుంది నిజమే, కానీ కొంతవరకే, ఆ కింద ఇంక తగ్గలేక ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. జూన్ జులైలో బయట 24 ఉండి గాలి తడితడిగా ఉన్నప్పుడు గది రెండు నిమిషాల్లో చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం పోదు, దుప్పటి చెమ్మగా అంటుకుంటుంది. నా మొదటి 1.5 టన్ను పదికి పది గదిలో చేసిందదే. ఇంకొకటి, హాల్లో పెట్టి తలుపులు తీసి మూడు గదులు చల్లబడాలనుకునేవాళ్ళకి ఏ సైజూ చాలదు, ఓపెన్ కిచెన్ ఉంటే అసలే చాలదు.

హీటింగ్‌కి సైజు విడిగా లెక్కేయక్కర్లేదు ఇక్కడ, గదిని 19 నుంచి 23కి తేవడం చిన్న పని.

కరెంటు సంగతి

బెస్కాం (బెంగళూరు కరెంటు కంపెనీ) బిల్లు తీయండి, శాంక్షన్డ్ లోడ్ అని, అంటే మీ ఇంటికి ఒప్పుకున్న లోడు, కిలోవాట్లలో ఉంటుంది. పాత ఇళ్ళల్లో 2 ఓ 3 ఓ ఉంటుంది. గీజర్ 2 కిలోవాట్లు, 1 టన్ను ఏసీ ఫుల్లుగా లాగితే సుమారు 1, ఇండక్షన్ స్టవ్ ఇంకో 2, పొద్దున ఏడింటికి ముగ్గురూ ఒకేసారి లేస్తారు. లోడ్ దాటితే మీటర్లో రికార్డవుతుంది, పెనాల్టీయో లోడ్ పెంచుకోమనో వస్తుంది, పెంచుకుంటే నెలనెలా ఫిక్స్‌డ్ చార్జి కిలోవాట్‌కి ఇంత అని పెరుగుతుంది. గృహజ్యోతి, అంటే కర్ణాటక ఉచిత కరెంటు పథకం, తీసుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్త, నెలకి 200 యూనిట్లు దాటితే దాటిన వాటికే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఏసీ పెట్టినాక ఏప్రిల్ మే నెలల్లో ఈ గీత దగ్గరే ఆట.

వైరింగ్ విషయంలో పిసినారితనం వద్దు. మెయిన్ బోర్డు నుంచి ఏసీకి విడి లైను, 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, విడి ఎంసీబీ, నిజంగా పని చేసే ఎర్తింగు. మిక్సీ ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి నడిపేవాళ్ళని చూశా, ప్లగ్గు నల్లబడేవరకు బాగానే ఉంటుంది. "స్టెబిలైజర్ ఫ్రీ" అని డబ్బా మీద రాస్తారు, అంటే లోపల స్టెబిలైజర్ ఉందని కాదు, వోల్టేజీ ఫలానా నుంచి ఫలానా దాకా ఊగినా నడుస్తుందని. మీ ఏరియాలో ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమంటుంటే స్టెబిలైజర్ పెట్టుకోండి, ఇన్వర్టర్ ఏసీల్లో ముందు పోయేది పీసీబీనే, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా అని కూడా ముందే అడగండి, ఫ్లాటుకి 1 కిలోవాట్ మాత్రమే ఇచ్చే చోట కరెంటు పోయినప్పుడల్లా ట్రిప్పై చీకట్లో మెట్లు దిగాల్సొస్తుంది.

లేబుల్ చదవడం

స్టార్లు లెక్కపెట్టి ఆగిపోవద్దు. కొన్నేళ్ళకోసారి బీఈఈ (స్టార్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు స్టార్ల రూలు గట్టి చేస్తారు, పాత 5 స్టార్ కొత్త లెక్కలో కిందికి దిగుతుంది, గోడౌన్‌లో మిగిలిన పాత స్టాకు మీద మాత్రం ఐదు నక్షత్రాలు మెరుస్తానే ఉంటాయి. లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అని ఒక నంబరుంటుంది, తిన్న కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది, అది ఎంత పెద్దదైతే అంత మంచిది, రెండు మోడల్స్ పోల్చాలంటే అది చూడండి. దాని దగ్గరే ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, అది 1600 గంటల వాడకానికి. 560 అని ఉంటే 1600తో భాగించండి, గంటకి 0.35 యూనిట్. రాత్రి 8 గంటలకి 2.8. ఆ లెక్కలో 24 నుంచి 43 డిగ్రీల ఎండలుంటాయి, బెంగళూరు రాత్రికి ఇంకా తగ్గుతుంది కూడా.

ఇంకోమాట, ఈ స్టార్లు కూలింగ్‌కే. వేడి ఎంత పొదుపుగా ఇస్తుందో తెలియాలంటే స్పెసిఫికేషన్ షీట్‌లో హీటింగ్ కెపాసిటీ ఎన్ని వాట్లు, దానికి తినే కరెంటు ఎన్ని వాట్లు అని రెండుంటాయి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. 3 కంటే తక్కువొస్తే ఆలోచించండి.

రోజుకి రెండు మూడు గంటలే, అదీ ఎండాకాలంలోనే వాడేవాళ్ళకి 3 స్టార్ చాలు, నిజం చెప్తున్నా. 5 స్టార్‌కి ఎక్కువ పెట్టిన డబ్బు బెంగళూరు వాడకంలో రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, చెన్నైలో అయితే వేరే కథ.

షాపులో

ఇక్కడి షోరూముల్లో హాట్ అండ్ కోల్డ్ వరసగా పెట్టి ఉండవు, అది ఉత్తరాది సరుకు అన్నట్టు చూస్తారు. డైకిన్, బ్లూ స్టార్, లాయిడ్ లాంటి వాళ్ళకి మోడల్స్ ఉన్నాయి, ఆర్డర్ పెట్టించుకోవాలి. డైకిన్, బ్లూ స్టార్ ఫ్యాక్టరీలు రెండూ మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో కూడా ఉన్నాయి, అదో చిన్న సంతోషం, అంతకుమించి కొనడానికి కారణం ఏమీ కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు చూపించి "స్పెషల్ డిస్కౌంట్" అనేవాళ్ళుంటే బిల్లులో పన్ను ఎంతో చూడండి. అడగాల్సినవి ఇవి: కాయిల్ కాపరేనా, పీసీబీ వారంటీ ఎన్నేళ్ళు, వారంటీలో గ్యాస్ ఉందా, పైపు ఎన్ని మీటర్లు ఉచితం, ఆపైన మీటరుకి ఎంత. కంప్రెసర్‌కి పదేళ్ళు అని పెద్దక్షరాల్లో వేస్తారు, అది అంత తొందరగా పోయే సామానే కాదు. ఫైవ్ ఇన్ వన్ కన్వర్టిబుల్, వైఫై, మీ అడుగుల వెంట గాలి తిరగడం, వీటికి డబ్బు పెట్టొద్దు.

గ్యాస్ ఇప్పుడు ఎక్కువగా ఆర్32 వస్తుంది. అది కొంచెం మండే గుణమున్నది, భయపడక్కర్లేదు గానీ బిగించే మనిషికి పని తెలిసుండాలి.

బిగించే రోజు ఇంట్లో ఉండండి

ఆఫీసుకి సెలవు పెట్టండి, వర్క్ ఫ్రం హోం అని చెప్పి మీటింగులో కూర్చోవద్దు. నా మొదటి ఏసీ బిగించిన ఇద్దరు కుర్రాళ్ళు నలభై నిమిషాల్లో ముగించారు, నేను కాల్‌లో ఉన్నా. వ్యాక్యూమ్ చేశారా అంటే "ఏనూ ఆగల్ల సార్" (ఏమీ కాదు సార్) అన్నారు కన్నడలో. నిజమే, ఆ రోజు ఏమీ కాలేదు, మరుసటి మార్చికి గ్యాస్ మొత్తం పోయింది.

జరగాల్సిందేంటంటే, పైపులు కలిపినాక లోపల గాలి, తేమ ఉంటాయి. వ్యాక్యూమ్ పంప్ పెట్టి కనీసం ఇరవై నిమిషాలు లాగాలి, ఆపినాక గేజ్ ముల్లు పది నిమిషాలు కదలకుండా నిలబడాలి, కదిలిందంటే ఎక్కడో లీకు. ఆ తర్వాతే అవుట్‌డోర్ వాల్వులు తెరవాలి. కొందరు పంప్ మోయలేక అవుట్‌డోర్‌లోని గ్యాసే కొంచెం వదిలి గాలిని తోసేస్తారు, టైరుకి గాలి కొట్టినట్టు తుస్సుమంటుంది, ఆ శబ్దం వినపడితే ఆపేయమనండి. బుక్ చేసేప్పుడే "వ్యాక్యూమ్ పంప్ తెస్తారా" అని అడిగితే సగం గొడవ ముందే తీరిపోతుంది. గోడకి రంధ్రం సుత్తీ ఉలీతో కాకుండా కోర్ కటింగ్ మెషిన్‌తో, కొంచెం బయటికి వాలుగా. డ్రెయిన్ పైపు ఎక్కడా పైకి లేవకూడదు, మగ్గుతో నీళ్ళు పోసి చూపించమనండి. పైపులు రెండింటికీ విడివిడిగా నల్ల రబ్బరు తొడుగు, పైన టేపు. అవుట్‌డోర్‌లోకి తీగలు దూరే సందులు మూయించండి, బల్లి దూరి బోర్డు కాలిపోయిందంటే వారంటీవాడు బల్లిని చూపించి వెళ్ళిపోతాడు.

లోపలి యూనిట్ కూలింగ్‌కి ఎంత పైనుంటే అంత మంచిది, హీటింగ్‌కి అంత పైన వద్దు, వేడిగాలి పైనే తచ్చాడుతుంది. ఏడు, ఏడున్నర అడుగుల ఎత్తు రెండింటికీ కుదురుతుంది. మంచం తలవైపు గాలి నేరుగా కొట్టకుండా చూసుకోండి. అంతా అయ్యాక బిగించినవాళ్ళు వెళ్ళకముందే కూల్ మోడూ హీట్ మోడూ రెండూ నడిపించండి, మే నెల అయినా సరే. ఎండలో హీట్ మోడ్ మొరాయిస్తే రిమోట్‌లో 30 పెట్టి పొద్దున్నే చూపించమనండి. లేకపోతే డిసెంబర్లో నొక్కి చూసినప్పుడే తెలుస్తుంది వాల్వు పని చేయట్లేదని.

వాడేటప్పుడు

హీట్ నొక్కగానే ఒకట్రెండు నిమిషాలు గాలి రాదు, కాయిల్ వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగదు, పాడైంది అనుకుని అమ్మ నన్ను నిద్ర లేపింది మొదటి రోజు. రెక్కలు కిందికి వంచండి, 22 లేదా 23 చాలు, 30 పెట్టినంత మాత్రాన తొందరగా వేడెక్కదు. ఎండాకాలం 25, 26 పెట్టి ఫ్యాన్ ఒకటిలో తిప్పండి, ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగండి, సర్జాపుర రోడ్డు వైపు ఉండేవాళ్ళు వారానికోసారి, ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది, పడుకునేముందు కిటికీ కాసేపు తీసి మూయండి.

ఇల్లు మారేటప్పుడు, బెంగళూరు కాబట్టి మారతారు, విప్పేముందు గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్‌లోకి లాగి వాల్వులు బిగించాలి, పంప్ డౌన్ అంటారు. దానికి ఏసీ కూలింగ్‌లో నడుస్తూ ఉండాలి, చలికాలంలో గది ముందే చల్లగా ఉంటే కంప్రెసర్ మొదలవ్వదు, అప్పుడు యూనిట్ మీదున్న చిన్న బటన్ నొక్కి ఫోర్స్‌డ్ కూలింగ్‌లో పెట్టాలి. ప్యాకర్స్‌వాళ్ళ కుర్రాడికి ఇది తెలీదు, పైపు కోసేస్తాడు. నేను మారినప్పుడు మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి వాడి చేతికిచ్చి పక్కనే నిలబడ్డా.